పడవకు గట్టి, బండికి పలచన
చలి దేశాల పంకా పడవ కొల్లేటి లంకలకు పనికివచ్చేనా?

కైకలూరు: నీరు నిండుగా ఉంటే పడవ పోతుంది. నేల గట్టిగా ఉంటే బండి పోతుంది. ఈ రెండూ కాని చోటే మనిషికి చిక్కు. మోకాటి లోతు నీరు, దాని మీద గుర్రపు డెక్క, దాని కింద బురద, ఆ బురదలో ఎవరి చెరువు కంచె ఉన్నదో తెలియదు. కొల్లేటి లంక గ్రామాల వారికి ఈ చిక్కు తాతల నాటి నుంచి ఉన్నదే. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలో పడినప్పుడల్లా రోడ్డు మునుగుతుంది. ట్రాక్టరు దిగబడుతుంది. మోటారు బోటు బయలుదేరితే నాలుగు గజాలు పోకముందే అడుగున తిరిగే పంకాకు డెక్క చుట్టుకుంటుంది. చివరకు తాటి దోనే, గడకర్రే గతి. నొప్పులు పడుతున్న గర్భిణీ అయినా, పాము కరచిన వాడైనా ఆ దోనెలోనే ఒడ్డుకు రావాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు హెలికాప్టర్లు వచ్చాయి, రబ్బరు బోట్లు వచ్చాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. అదే బుడమేరు నీరు తర్వాత దిగివచ్చేది కొల్లేటిలోకే. అక్కడ పట్నం, ఇక్కడ లంక. పట్నానికి దొరికే సాధనాలన్నీ లంకకు దొరకవు. కనుక లంకకు తగిన సాధనం ఏదన్న ప్రశ్న వరద తీసిన తర్వాత కూడా మిగిలే ఉంటున్నది.

ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైన చలి దేశాల వారు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. దాని పేరు ఎయిర్‌బోటు. మన మాటలో చెప్పాలంటే పంకా పడవ. తక్కువ ఖర్చుతో, చిన్న వర్కుషాపులో కూడా దీనిని తయారు చేసుకుంటున్నారు. అది మన దగ్గర పనికివస్తుందా, వస్తే ఎంతవరకు, ఏ షరతుల మీద అన్నది ఆలోచించదగిన విషయం.

ఐసు మీద బడికి పోయే పిల్లలు

చేపల ట్రేలలో పరిచే ఐసు మనకు తెలుసు. అమెరికా ఉత్తర భాగంలో చెరువులు, నదులు శీతాకాలంలో అలాగే గడ్డకడతాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలో సుపీరియర్ అనే మహా సరస్సు ఉన్నది. అందులో మడలిన్ అనే లంక, దాని మీద లాపాయింట్ అనే ఊరు ఉన్నాయి. ఎదుటి ఒడ్డున ఉన్న బేఫీల్డ్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరం. వేసవిలో లాంచీ నడుస్తుంది. చలి ముదిరి ఐసు గట్టిపడిన తర్వాత దాని మీదే రోడ్డు వేసి కార్లు నడుపుతారు.

మధ్యలో కొద్ది వారాలు ఉంటాయి. అప్పుడు ఐసు లాంచీకి గట్టి, కారుకు పలచన. మనిషి నడవడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి ఐసు కావాలని, కారు పోవడానికి 8 నుంచి 12 అంగుళాలు కావాలని అక్కడి లెక్క. ఆ మధ్య రోజుల్లో లంక పిల్లలను బడికి చేర్చేది పంకా బండియే. వెనుక పెద్ద పంకా, ముందు మూసిన గది. ఐసు విరిగినా మునగదు, నీటిలో తేలుతుంది. మళ్ళీ ఐసు మీదికి ఎక్కి పోతుంది.

మనకు ఐసు లేదు. కాని ఆ 'మధ్య రోజులు' ఉన్నాయి. నీరు లాంచీకి చాలదు, ట్రాక్టరుకు ఎక్కువ. లాపాయింట్ కథ మన లంకలకు దగ్గరగా తోచేది ఇందుకే.

ఏమిటీ పడవ?

మామూలు మోటారు బోటుకు పంకా నీటిలో ఉంటుంది. నీటిని వెనక్కు నెట్టి పడవను ముందుకు తోస్తుంది. నీరు తక్కువైతే నేలను కొడుతుంది, నాచు ఉంటే చుట్టుకుంటుంది, ఐసు ఉంటే విరుగుతుంది. పంకా పడవలో ఇంజను, పంకా రెండూ పైన, మనిషి వెనుక ఎత్తున ఉంటాయి. అది గాలిని వెనక్కు నెడుతుంది. పడవ అడుగు పళ్ళెంలాగా చదును. నీటి కింద ఏ భాగమూ ఉండదు కనుక చుట్టుకొనేది లేదు, తగిలేది లేదు. పంకా వెనుక తలుపు రెక్కల్లాగా నిలబెట్టిన చుక్కానులు గాలిని పక్కకు మళ్ళిస్తే పడవ తిరుగుతుంది.

కొందరు దీనిని హోవర్‌క్రాఫ్టు అనుకుంటారు. రెండూ వేరు. హోవర్‌క్రాఫ్టు తన కిందికి గాలి ఊది ఆ గాలి పరుపు మీద లేచి పోతుంది. పంకా పడవ లేవదు, జారుతుంది. అందుకే దానిలో యంత్రాలు తక్కువ, తయారీ తేలిక, ఖర్చు తక్కువ.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ 1905లోనే కెనడాలోని నోవా స్కోషియాలో, విమాన పంకాలను పరీక్షించడానికి ఇలాంటి పడవను చేయించాడు. దానికి పెట్టిన పేరు 'వికారపు బాతుపిల్ల'. రష్యాలో మంచు మీద పంకా బండ్లను రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యమే వాడింది. విమానాలకు పేరుపడిన టుపొలెవ్ సంస్థ 1960 దశకంలో ఏ-3 అనే బండిని తయారు చేసింది. అది మంచు మీద, నీటి మీద కూడా పోతుంది. రోడ్డు లేని పల్లెలకు టపా మోసింది. అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఎయిర్‌బోట్లు నేడు మామూలు వాహనాలు. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లియన్స్ నగరం మునిగినప్పుడు ఇళ్ళ పైకప్పుల మీద, ఆసుపత్రులలో చిక్కుకున్న వారిని తెచ్చిన వాటిలో ఇవి కూడా ఉన్నాయి.

చవకగా చేయడం ఎలా?

అమెరికాలో కంపెనీ తయారు చేసే పెద్ద ఎయిర్‌బోటు ధర మంచి కారు ధరకు తగ్గదు. అందుకని రష్యా, కెనడా, అమెరికాలలో చేపలు పట్టేవారు, మెకానిక్కులు చిన్నవి సొంతంగా కట్టుకుంటున్నారు. వారి పని విధానంలో దాపరికం లేదు. లెక్క తెలిస్తే మన వెల్డింగు షాపు వారికీ అర్థమయ్యేదే.

మొదటిది పడవ అడుగు. 12 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే 60 చదరపు అడుగులు. అది నీటిలో ఒక అంగుళం దిగితే 5 ఘనపుటడుగుల నీటిని తొలగిస్తుంది. అంటే సుమారు 140 కిలోల బరువు మోస్తుంది. పడవ, ఇంజను కలిపి 220 కిలోలు, మనుషులు ఇద్దరు 140 కిలోలు అనుకుంటే మొత్తం 360 కిలోలు. పడవ దిగేది రెండున్నర అంగుళాల పైచిలుకు మాత్రమే. నలుగురు ఎక్కినా మూడున్నర అంగుళాలు. బెత్తెడు నీటిలో పోతుందనడం అతిశయోక్తి కాదు. అల్యూమినియం రేకుతో గాని, ప్లైవుడ్‌పై ఫైబరు పూతతో గాని దీనిని చేస్తారు. ముక్కు భాగం పైకి వంగి ఉండాలి. లేకుంటే ఐసు అంచు ఎక్కలేదు, డెక్క మీదికీ ఎక్కలేదు.

రెండవది ఇంజను. ఇక్కడే చాలామంది పొరబడతారు. చేలలో నీరు తోడే పాతకాలపు 5 హార్స్‌పవర్ ఆయిలింజను వంద కిలోలకు తగ్గదు. బరువు ఎక్కువ, బలం తక్కువ. పంకా పడవకు బలం ఎక్కువ, బరువు తక్కువ ఉండే పెట్రోలు ఇంజను కావాలి. మంచి పంకా ఉంటే ఒక హార్స్‌పవర్‌కు సుమారు రెండున్నర కిలోల తోపు వస్తుంది. 25 హార్స్‌పవర్ ఇంజను 60 కిలోల తోపు ఇస్తుంది.

మూడవది పంకా. చిన్న పంకాను గిరగిరా తిప్పడం కంటె పెద్ద పంకాను నిదానంగా తిప్పితే తోపు ఎక్కువ. 5 అడుగుల పంకా నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే రెక్క కొస సెకనుకు 785 అడుగుల వేగంతో పోతుంది. అదే 4,500 చుట్లు తిరిగితే ధ్వని వేగాన్ని దాటుతుంది. అప్పుడు చెవులు చిల్లులు పడే మోతే తప్ప తోపు పెరగదు. రెక్కకూ ప్రమాదం. అందుకని ఇంజనుకు చిన్న పుల్లీ, పంకాకు పెద్ద పుల్లీ పెట్టి బెల్టుతో వేగం తగ్గిస్తారు. రైసు మిల్లు చూసినవాడికి ఇది చెప్పనక్కరలేదు.

నాలుగవది బరువుల అమరిక. పంకా ఎత్తున ఉండి తోస్తుంది కనుక పడవ ముక్కు కిందికి వంగ చూస్తుంది. ఇంజను మరీ ఎత్తున పెడితే మలుపులో బోల్తా కొడుతుంది. కట్టిన తర్వాత బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, సీటు ముందుకు వెనక్కు జరిపి చూడడం, పంకా రెక్క వాలు మార్చి చూడడం వారాల తరబడి జరుగుతుంది. సొంతంగా కట్టుకొన్న పడవకు మొదటి రూపం చివరి రూపం కాదు.

ఐసు మీద నడపాలంటే మరి కొన్ని మార్పులు చేస్తారు. పడవ అడుగుకు నున్నని గట్టి ప్లాస్టిక్ పలక బిగిస్తారు. అది రాపిడిని తగ్గిస్తుంది, రేకు అరగకుండా కాపాడుతుంది. పంకా రెక్క అంచుకు లోహపు తొడుగు వేస్తారు. ఎగిరిన నీటి బొట్లు, ఐసు ముక్కలు కొయ్య రెక్కను కొరికివేస్తాయి. నీరు ఎగిరి చుక్కాని తీగల మీద గడ్డకడితే అవి బిగుసుకుపోతాయి కనుక తరచూ దులపాలి. ఆపిన చోట పడవ ఐసుకు అతుక్కుపోతుంది. అందుకని కింద కొయ్యలు వేసి నిలుపుతారు.

ఐసు లెక్క వేరు, డెక్క లెక్క వేరు

పై లెక్కలోని 360 కిలోల పడవను ఐసు మీద జరపాలంటే బరువులో పదో వంతు తోపు చాలు. అంటే 36 కిలోలు. చేతిలో 60 కిలోల తోపు ఉన్నది కనుక హాయిగా పోతుంది. నీటిలో నిదానంగా పోవడానికీ చాలు. పడవ నీటి మీదికి లేచి జోరుగా పోవాలంటే బరువులో ఆరో వంతు దాకా కావాలి. అదీ సరిగ్గా 60 కిలోలు. అంటే అంచున ఉన్నట్టు.

దట్టమైన డెక్క మీద, కిక్కిస గడ్డి మీద, గట్టు మీద ఈడ్చాలంటే బరువులో మూడో వంతు కావలసి రావచ్చు. 360కి 120 కిలోలు. 25 హార్స్‌పవర్ ఇంజను ఆ పని చేయలేదు. నలుగురైదుగురిని, ఒక మంచం పట్టిన రోగిని తేవాలంటే మొత్తం బరువు 600 కిలోలకు చేరుతుంది. 200 కిలోల తోపు, అంటే 80 హార్స్‌పవర్ కావాలి. పాత మారుతి 800 కారు ఇంజను 37 హార్స్‌పవర్ దరిదాపుది. అదీ సగమే. కనుక ఐసు మీద ఇద్దరు చేపల వాళ్ళను మోసే చవక పడవను చూసి, అదే కొల్లేటిలో అంబులెన్సుగా పనికివస్తుందనుకుంటే మధ్య దారిలో నిలబడిపోవడం ఖాయం. మన పడవకు ఇంజను పెద్దది కావాలి, ఖర్చు పెరుగుతుంది. ఈ నిజాన్ని ముందే ఒప్పుకోవడం మంచిది.

ఎక్కడ పొదుపు చేయరాదు?

పంకా పడవకు బ్రేకు లేదు. వెనక్కు పోయే గేరు లేదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, పంకా గాలి వీస్తున్నంతసేపే చుక్కాని పని చేస్తుంది. భయపడి ఇంజను వేగం తగ్గిస్తే పడవ ఆగదు. వచ్చిన జోరుతో తిన్నగా పోయి ఎదుటి దాన్ని గుద్దుతుంది. కారు తోలడం వచ్చినవాడికి ఇది తలకిందులు విద్య. కాబట్టి నేర్చుకున్నవాడే నడపాలి.

పంకా చుట్టూ ఇనుప బోను ఉండాలి. కోళ్ళ బోను లాంటి పలచని వల కాదు. చెయ్యి, చీర కొంగు, తాడు లోనికి పోనంత సన్నని కన్నాలతో, మనిషి ఒరిగినా వంగనంత గట్టిగా ఉండాలి. పడవలో సడలిన తాడు, సంచి, టోపీ ఏదైనా పంకా లాక్కుంటుంది. రెక్క ముక్కలై తూటాలా పోతుంది. పడవ గదుల్లో థర్మోకోల్ వంటి తేలే సరుకు నింపాలి. బోల్తా పడినా మునగకూడదు. నడిపేవాడి మణికట్టుకు తాడు కట్టి, అతను పడిపోతే ఇంజను దానంతట ఆగే ఏర్పాటు ఉండాలి. చెవులకు రక్షణ, ప్రతివారికీ లైఫ్‌జాకెట్ తప్పవు. సొంతంగా కట్టేవారు డబ్బు మిగిల్చేది తరచు వీటి దగ్గరే. ఇంజను పాతది కావచ్చు, సీటు పాత స్కూటరుది కావచ్చు. బోను, తేలుడు సరుకు, శిక్షణ మాత్రం చవకవి కారాదు.

చలి దేశాల్లో ఈ జాగ్రత్త విలువ ఇంకా ఎక్కువ. ఐసు నీటిలో పడినవాడికి ఊపిరి నిలదొక్కుకోవడానికి ఒక నిమిషం, చేతులు పని చేయడానికి పది నిమిషాలు, స్పృహ తప్పడానికి ఒక గంట అని కెనడా నిపుణులు లెక్క చెబుతారు. మన నీరు అంత చల్లన కాదు. కాని వరద నీటిలో కరెంటు తీగ ఉంటుంది, ముళ్ళ కంచె ఉంటుంది. ప్రాణం పోయే దారి వేరు, పోవడం ఒక్కటే.

ఫ్లోరిడాలో 2017లో యాత్రికులను తిప్పే ఎయిర్‌బోటు ప్రమాదంలో ఒక యువతి మరణించింది. మరుసటి సంవత్సరమే, డబ్బు తీసుకొని నడిపేవారికి శిక్షణ, ప్రథమ చికిత్స తెలిసి ఉండడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మోత తగ్గించే మఫ్లరు, గడ్డిలో దూరం నుంచి కనబడేటట్లు పది అడుగుల ఎత్తున జెండా ఉండాలన్న నిబంధనలు కూడా అక్కడ అమలులో ఉన్నాయి. ఎవర్‌గ్లేడ్స్ జాతీయ పార్కులో చాలా భాగం ఈ పడవలకు నిషిద్ధం.

మన సంగతి

బోట్ల విషయంలో మన అనుభవం చేదుగానే ఉన్నది. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం వద్ద కృష్ణలో అనుమతి లేని బోటు బోల్తా పడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. ఆ కన్నీరు ఇంకా ఆరలేదు. 2021 నాటి లోతట్టు జలయాన చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషను, బీమా అవసరం. ఉత్సాహం ఉన్న కుర్రవాడు షెడ్డులో కట్టి చెరువులో నడిపి చూడడం వేరు. ఊరి జనాన్ని ఎక్కించడం వేరు.

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి అంతర్జాతీయంగా గుర్తించిన రామ్‌సర్ చిత్తడి నేల. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టి పిల్లలను సాకుతాయి. విమానంలా మోగే పడవను సరదాకు, పర్యాటకానికి అక్కడ తిప్పడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వంటిదే. ప్రజల ప్రాణానికి వాడితే ఎవరూ కాదనరు, వినోదానికి వాడితే ఎవరూ ఒప్పుకోరాదు.

మరో మాట. ప్రతి పనికీ పంకా పడవే అక్కరలేదు. థాయిలాండులో పల్లె పడవలకు పొడవాటి ఇరుసు చివర పంకా ఉన్న ఇంజను అమర్చుతారు. నాచు అడ్డువస్తే దానిని చేత్తో పైకి ఎత్తివేయవచ్చు. ఖర్చు చాలా తక్కువ, మోత తక్కువ. రోజువారీ రాకపోకలకు దోనెకు అలాంటిదే తోడు. డెక్క మరీ దట్టమై, నీరు మరీ పలచనై, దోనె గంటల తరబడి ఇరుక్కునే చోటే పంకా పడవకు పని. పెదఎడ్లగాడి వంతెన ఖానాల వద్ద డెక్క పేరుకోకుండా సకాలంలో తీయించడం ఈ రెండింటికన్నా ముందు జరగవలసిన పని. నీరు కిందికి పోతే పడవల అవసరమే సగం తగ్గుతుంది.

చేయదగినది

ఊరికొక పంకా పడవ ఎవరూ అడగడం లేదు. పెనుమాకలంక, నందిగామలంక వంటి ఊళ్ళు ఉన్న మండలానికి ఒకటి చాలు. 80 హార్స్‌పవర్‌కు తగ్గని ఇంజను, గట్టి బోను, మునగని అడుగు, రోగిని పడుకోబెట్టే చోటు ఉండాలి. నడపడం నేర్చిన మనుషులు ముగ్గురు ఉండాలి. నీటి దారులు, కంచెలు తెలిసిన వారు లంకల్లోనే ఉన్నారు కనుక బయటి నుంచి తేనక్కరలేదు. ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు, చెరువులకు ఏరేటర్లు బిగించే మెకానిక్కులు కలిస్తే ఈ జిల్లాలోనే ఒకటి తయారు చేయవచ్చు. తనిఖీ చేసి అనుమతి ఇవ్వవలసింది ప్రభుత్వ శాఖలు.

అన్నిటికీ మించి, అది వేసవిలో తయారు కావాలి. వేసవిలోనే డెక్క మీద, బురదలో, ఇసుక బస్తాలు వేసి నడిపి చూడాలి. ఎక్కడ నిలబడిపోతుందో అప్పుడే తెలియాలి. లాపాయింట్ వారు తమ పంకా బండిని ఐసు పలచబడిన రోజున మొదలుపెట్టరు, ముందే సిద్ధం చేసుకుంటారు. వరద వచ్చిన రోజున బోట్ల కోసం ఫోన్లు చేసుకునే అలవాటు మనది. ఆ అలవాటు మారకపోతే ఎంత మంచి పడవ వచ్చినా షెడ్డులో తుప్పు పట్టడమే మిగులుతుంది. ఈ విషయమై జిల్లా యంత్రాంగం వచ్చే వానాకాలానికి ముందే ఆలోచించగలదని లంక గ్రామాల వారు ఆశించడంలో తప్పు లేదు.